తోక చూసే మనిషి

ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి వాడొకడుంటాడు. మా దగ్గరున్నాయన్ని అందరూ సిస్టమ్సాయన అంటారు. నెలాఖరున సాఫ్ట్‌వేరు జీతాల చీటీల్ని పీడీఎఫ్‌లుగా కక్కుతుంది. వాటిలో కొన్ని తెరుచుకోవు. అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేస్తుంది. అప్పటిదాకా కుర్చీలో వేలాడుతున్న మనిషికి ప్రాణం లేచొస్తుంది.

"ఏమంటోందండీ ఫైలు?"

"ఏదో ఇంగ్లీషులో అంటోంది సార్, డ్యామేజీ అయిందని."

"మీరేమన్నా మార్చారా?"

"అయ్యో, నేనేమీ ముట్టుకోలేదండీ!"

ఈ ముట్టుకోలేదన్న మాటను ఆయన రోగలక్షణాల్లో మొట్టమొదట రాసుకుంటాడు.

ఆయనొచ్చేలోపు ఆఫీసంతా తలో చెయ్యీ వేసే ఉంటుంది. ఒకరు రీస్టార్ట్ చేస్తారు. ఇంకొకరు వాట్సాప్‌లో తనకు తానే పంపుకుని చూస్తారు. ఓ మహానుభావుడు ఎక్సెల్ ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని తగిలించి, "ఇదిగో, మార్చేశా" అంటాడు.

ఈయన ఎవర్నీ పలకరించడు. తిన్నగా ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తాడు. తెరనిండా పిచ్చి అక్షరాల పుట్ట. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో!" అంటాడు. మొదటి వరుసలో ఓ శాతం గుర్తు, పీడీఎఫ్ అన్న అక్షరాలు, వెర్షన్ నంబరు ఉండాలట. ఓసారి అక్కడ లాగిన్ పేజీ బయటపడింది. సెషన్ అయిపోయింది మళ్లీ లాగినవ్వమని సర్వరు మొత్తుకుంటే, ఆ మొత్తుకోలే పీడీఎఫ్ పేరుతో ఫోల్డర్లోకి చేరిందన్నమాట.

తల అయ్యాక తోక. పీడీఎఫ్‌ని తెరిచే సాఫ్ట్‌వేరు ముందు చివరికే పోతుంది. అక్కడ రెండు శాతం గుర్తులు, ఈఓఎఫ్ అన్న మూడక్షరాలు ఉండాలి. వాటికి కాస్త పైన, లోపలి సరుకంతా ఎన్నో బైటు దగ్గరుందో చెప్పే పట్టిక జాడ ఉంటుంది. దారిలో ఎవరైనా ఫైల్ని మామూలు టెక్స్టనుకుని లైనుకో బైటు చేర్చారా, వీధిలో డోర్ నంబర్లన్నీ జరిగిపోయినట్టే. ఇదంతా ఆయన మా ఇంట్లో భోజనాల దగ్గర వివరించాడు. పప్పు చల్లారిపోయింది.

జబ్బు ఆఫీసు దాటి ఎప్పుడో ఇంటికి పాకింది. శుభలేఖ చేతికిస్తే ముందు అడుగున "బంధుమిత్రుల అభినందనలతో" ఉందో లేదో చూసుకుని, "పూర్తిగానే వచ్చింది" అంటాడు. పెళ్లికొడుకెవరో ఆ తర్వాత చదువుతాడు. టీవీ సీరియళ్లు చూడడు, వాటికి ఈఓఎఫ్ రాదని.

ఈయన్ని చూసి ట్రైనీ కుర్రాడొకడు తనూ ఓ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అలవాటుకొద్దీ సేవ్ కొట్టాడు. నిక్షేపంలాంటి ఫైలు కాస్తా పోయింది. ఆ పూట ఆయన టీ ముట్టలేదు.

మొన్నటి కేసుతో మాత్రం ఆయన జన్మ తరించింది. మామూలు చీటీలు తెరుచుకుంటున్నాయి, స్కాన్ కాగితాలు జతపడినవి ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఆయన సైజులు చూశాడు. చెడినవన్నీ 65,535 బైట్లు. ఒక్క బైటు అటూ ఇటూ లేదు.

"ఇన్నీ ఒకే బరువు తూగుతాయటండీ!" అంటూ లేచి నిలబడ్డాడు.

డేటాబేసులో పీడీఎఫ్‌లు దాచే కాలమ్‌ని ఎవరో బ్లాబ్ అని పెట్టారు. మైఎస్‌క్యూఎల్‌లో దాని కడుపు అంతే. పైగా స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంది. దాంతో డేటాబేసు మిగిలింది కోసి పారేసి, ఓ వార్నింగ్ పడేసి ఊరుకుంది. వార్నింగులు చదివే మనిషి మా ఆఫీసులో ఇంకా పుట్టలేదు. ఆయన ఆ కాలమ్‌ని మీడియంబ్లాబ్‌కి మార్చాడు, 16 ఎంబీ దాకా పడుతుంది. తెగిన తోకలు అతకవు గనక ఆ చీటీలన్నీ మళ్లీ తయారుచేయించాడు. మేనేజరుగారు హెడ్డాఫీసుకి "సర్వర్ రీస్టార్ట్ చేయించాం, సమస్య తీరింది" అని రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన అకౌంట్స్‌కి వచ్చాడు.

"అన్నీ తెరుచుకుంటున్నాయా?"

"ఆఁ, అన్నీ తెరుచుకుంటున్నాయండీ."

"అన్నీనా? ఒక్కటి కూడా...?"

"లేదండీ."

మొహం చిన్నబోయింది. మేడమ్ జాలిపడి, "పోనీ, ప్రింటర్ పేపరు లాగట్లేదు, చూస్తారా?" అంది.

"ప్రింటర్లు నేను చూడనండీ" అని వెళ్లిపోయాడు.