సలహాలకు కరువు లేని ఊరు

కృష్ణమ్మకు ఏడాదిలో ఏవో కొన్ని నెలలే జోరు. బెజవాడలో సలహాలకు మాత్రం పన్నెండు నెలలూ వరదే. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరిగి, బయట బండి దగ్గర టీ గ్లాసు అందుకునేసరికి రాష్ట్ర బడ్జెట్టు, ఎదురింటి పిల్ల పెళ్లి, కోహ్లి బ్యాటింగు అన్నీ ఓ కొలిక్కి వచ్చేస్తాయి. పానుగంటివారి 'సాక్షి'లో ఉపన్యాసాలు దంచడానికి జంఘాలశాస్త్రి ఒక్కడే. ఇక్కడ బెంచీకి నలుగురు.

వీళ్లకు పేటకో అధ్యక్షుడు ఉంటాడు. అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. రిటైరయ్యాడు, షుగరుంది, వాట్సాప్ ఉంది. ఇంకేం కావాలి? పునుగును అల్లం చట్నీలో అటూ ఇటూ దొర్లించి, నోట్లో వేసుకోబోతూ ఆపి, "అబ్బాయ్, నా మాట విను" అంటాడు. ఎదుటివాడు ఏమీ అడిగి ఉండడు. చిల్లర కోసం నిలబడి ఉంటాడంతే.

ముందు ఆరోగ్యం. ఊరికి అవతల కృష్ణ కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు ఆశ్రమం ఉప్పూ నూనే మానెయ్యమంటుంది. ఈ ఊరివారే అయిన వీరమాచనేని రామకృష్ణ అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్నారు. తరతరాలుగా తలకు రాసుకున్న నూనె అలా ఒక్కసారిగా గ్లాసులోకి దిగింది. బాబాయ్ ఎవరినీ చిన్నబుచ్చే మనిషి కాదు. పొద్దున ఉప్పులేని కీరా ముక్కలు, మధ్యాహ్నం కొబ్బరినూనె, రాత్రికి ఆవకాయ కలిపిన వేడన్నం. షుగరు తగ్గలేదు. రెండు పద్ధతుల్లోనూ ఏదో లోపం ఉందని తేల్చేసి, ఇప్పుడు సొంతంగా మూడోది కనిపెట్టి పక్కింటాయన మీద ప్రయోగిస్తున్నాడు.

రాజకీయాల్లో అయితే బాబాయ్‌కి ఓటమే లేదు. 2019లో వైసీపీకి 151 సీట్లు వచ్చాయి. "ముందే చెప్పానా లేదా?" అన్నాడు. 2024లో అదే పార్టీ 11కి దిగి, కూటమికి 164 వచ్చాయి. "ముందే చెప్పానా లేదా?" అన్నాడు. రెండుసార్లూ ముందుగా చెప్పింది విన్నవాడు బండి దగ్గర ఒక్కడూ దొరకలేదు. అడిగితే, "నువ్వారోజు రాలేదులే" అంటాడు.

బాబాయ్‌ని చూసి నవ్వుకునే ముందు సర్కారువారిని కూడా ఓసారి చూడాలి. రాజధానికి వచ్చినన్ని సలహాలు ఈ దేశంలో ఏ పెళ్లికొడుక్కీ వచ్చి ఉండవు. 2014 ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ, అన్నీ ఒక్కచోటే కుప్పపోయొద్దు, విజయవాడ–గుంటూరు మధ్య పండే భూముల జోలికి పోవద్దు అంది. సరేనని అక్కడే మొదలుపెట్టారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన. 2017లో భవనాల డిజైన్ల మీద బాహుబలి దర్శకుడు రాజమౌళి సలహా అడిగారు. తాను డిజైనర్ని కాదని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం మారాక 2019 డిసెంబరులో జి.ఎన్.రావు కమిటీ, మరుసటి నెలలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు నివేదికలిచ్చాయి. ఒక రాజధాని మూడైంది. 2022 మార్చిలో హైకోర్టు అమరావతినే కట్టమంది. మళ్లీ ప్రభుత్వం మారింది. 2025 మే 2న అదే ప్రధాని అక్కడికే వచ్చి పనులు పునఃప్రారంభించారు. బాబాయ్ సలహా ఖరీదు ఒక టీ. ఈ సలహాల ఖరీదు భూములిచ్చిన రైతు పదేళ్లు.

పైగా బాబాయ్ ఫ్రీ. సచివాలయంలో అదే పనికి జీతం, కారు, కొందరికైతే క్యాబినెట్ హోదా. ఏ పార్టీ వచ్చినా సలహాదారుల కుర్చీలకు లోటుండదు. 2022లో దేవాదాయ శాఖకు ఒక సలహాదారును వేస్తే హైకోర్టు స్టే ఇచ్చింది. బండి దగ్గర ఆరోజు పెద్ద చర్చే జరిగింది. అన్యాయమన్నవాళ్లలో సగం మంది మనసులో, ఆ ఖాళీకి దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే.

సలహాల అసలు సత్తా 2024 సెప్టెంబరులో బయటపడింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకుని, 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇంకోపక్క గండ్లు పడిన బుడమేరు సింగ్ నగర్‌నూ, చుట్టుపక్కల కాలనీలనూ ముంచేసింది. టీవీల్లో చర్చలు, గట్టు మీద చర్చలు. క్రేనుతో లేపాలని ఒకరు, కోసెయ్యాలని ఇంకొకరు, పేల్చెయ్యాలని మరొకరు. భారీ క్రేన్లు లాగినా పడవలు కదల్లేదు. విశాఖ నుంచి డైవర్లు వచ్చి నీళ్లలో మునిగి కొయ్యాల్సి వచ్చింది. చివరికి పెద్ద పడవలకు ఇనుప దూలాలు కట్టి, ఒక్కోదాన్నీ ఒడ్డుకు ఈడ్చారు.

గేట్ల సంగతి చూసింది కన్నయ్యనాయుడు. అంతకు ముందు నెలలోనే తుంగభద్ర డ్యాంలో కొట్టుకుపోయిన గేటు స్థానంలో స్టాప్‌లాగ్ దింపించిన ఇంజినీరు. ఇక్కడ విరిగిన కాంక్రీటు దిమ్మెల స్థానంలో ఉక్కువి పెట్టించారు. ఆయన చెప్పిన సలహాలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. గేట్లు మాత్రం కిందకు దిగాయి.

అప్పుడు బాబాయ్ ఎక్కడున్నాడు? సింగ్ నగర్‌లో సొంత మేడ మీద, పులిహోర పొట్లం తెచ్చే పడవ కోసం చూస్తూ. "ఇక్కడికి నీళ్లు రావు, కళ్లు మూసుకుని కొనుక్కో" అని బావమరిదికి పక్క ప్లాటు ఇప్పించింది ఆయనే. నిజానికి 2005లో బుడమేరు పొంగినప్పుడు ఎంత లోతు వచ్చిందో బాబాయ్‌కి గుర్తే. ప్లాటు బేరమప్పుడు ఎవరూ ఆ సంగతి అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అంచేత ఈ చుట్టుపక్కల స్థలం కొనబోయేవారికి ఒక విన్నపం. బాబాయ్‌ని తప్పకుండా కలవండి, టీ కూడా మీరే ఇప్పించండి. కొనాలా వద్దా అని మాత్రం అడక్కండి. 2005లో ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2024లో ఏ మెట్టు దాకా వచ్చాయి అని అడిగి, గోడ మీద చేత్తో చూపించమనండి.