అధ్యక్షుడి అంగడి

మా ఇంటావిడ నాకు కుర్చీ పిచ్చి ఉందంటే ఒప్పుకునేవాణ్ని కాదు. పెళ్లిలో ముందు వరుసలో కూర్చోవడం, జాతరలో మైకు పక్కన నిలబడటం పిచ్చి ఎట్లవుతుంది, అది మర్యాద అని వాదించేవాణ్ని. యాపలదిన్నిలో కిరాణా అంగడి పెట్టుకున్నవాడికి మర్యాదకేం తక్కువ లేదు. ఉద్దెర అడిగేవాళ్లంతా సావుకారీ అనే పిలుస్తారు. నాకది చాలలేదు. ఉద్దెర అడగనివాళ్లు కూడా అట్ల పిలవాలని ఉండేది.

రాయచూరు రాజేంద్ర గంజ్‌లో నేను కందిపప్పు తెచ్చుకునే అడ్తి దుకాణం గోడ మీద ఒక ఫోటో ఉంది. మా అడ్తి సావుకారి మెడలో శాలువా, చేతిలో జ్ఞాపిక, వెనక చేంబర్ ఆఫ్ కామర్స్ అన్న బ్యానరు. పక్కన ఎవరో పెద్ద అధికారి నవ్వుతున్నాడు. కాంటా మీద బస్తాలు ఎక్కుతుంటే తూకం చూడాల్సిన నేను ఆ ఫోటో చూస్తూ నిలబడేవాణ్ని. ఒకసారి బస్తా తక్కువ వేయించుకుని ఊరికి వచ్చేశాను కూడా. హమాలీలను అనడానికి లేదు, లెక్కపెట్టుకోవాల్సింది నేను.

ఆ శాలువా బుర్రలో పడ్డాక ఊరుకోలేకపోయాను. మా ఊర్లోనూ వర్తక సంఘం పెట్టాలి, దానికి ఒక అధ్యక్షుడు ఉండాలి. ఆ అధ్యక్షుడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఉపన్యాసం కోసం చదవడం మొదలుపెట్టాను. బడి వదిలాక అంత చదివింది అప్పుడే. చేంబర్లలో అన్నింటికంటే పాతది 1599లో ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో పుట్టిందట. సముద్రపు దొంగలు సరుకు ఓడల్ని దోచుకుంటుంటే వర్తకులు ఒక్కటై పెట్టుకున్నారు. మన దేశంలో బొంబాయి, మద్రాసు చేంబర్లు 1836లో వచ్చాయి, అప్పట్లో అవి దొరలవి. విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉండగా 1916లో బెంగుళూరులో మైసూరు చేంబర్ మొదలైంది, ఆ మరుసటి ఏడే హైదరాబాదులో ఒకటి. మద్రాసులో తెలుగు వర్తకులు 1928లో ఆంధ్రా చేంబర్ పెట్టుకున్నారు. మా రాయచూరు 1948 దాకా నిజాం ఏలుబడిలో, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది కాబట్టి తాతల లెక్కన మాకు పెద్దదిక్కు హైదరాబాదు, కాగితాల లెక్కన బెంగుళూరు. ఈ ముక్క చెబితే చప్పట్లు పడతాయనుకున్నాను. పడలేదు. టీ ఇంకా రాలేదేమని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఇన్ని సంవత్సరాలు బట్టీ పట్టినవాణ్ని, ఆ సంఘాలు కూర్చుని ఏం పని చేసేవో మాత్రం చదవలేదు.

కర్ణాటకలో సంఘం రిజిస్టరు కావాలంటే 1960 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. ఎరువుల అంగడి, మెడికల్ షాపు, హోటలు, టైలరు, సెల్ రీఛార్జి, పంక్చర్ అంగడి, నేను. సరిగ్గా ఏడుగురం తేలాం. పేరు దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, అర్జీలు రాసేది కన్నడం, బోర్డు మీద ఇంగ్లీషు లేకపోతే పరువు తక్కువ. పేరు తేలకముందే నేను లెటర్‌హెడ్ కొట్టించాను. పైన తక్కెడ బొమ్మ, పక్కన విచ్చిన పత్తికాయ, కింద నా పేరు. కార్యదర్శి పేరు నా పేరుకంటే రవ్వంత పెద్దగా పడిందని ఆ కట్ట పక్కన పడేసి మళ్లీ కొట్టించాను. ఆ రెండో ఖర్చు సంఘానిదా నాదా అన్న తగాదా ఎప్పటికీ తేలలేదు. రిజిస్ట్రేషనూ కాలేదు.

మా మొదటి తీర్మానం రాయచూరుకు ఎయిమ్స్ కావాలి, విమానాశ్రయం కావాలి, యాపలదిన్నికి జిన్నింగు మిల్లు కావాలి అని. అడగడం తప్పని ఇప్పటికీ అనను. 2018లో నీతి ఆయోగ్ దేశంలో వెనకబడ్డ జిల్లాలను ఎంచితే అందులో రాయచూరు ఉంది. రాజ్యాంగంలో 371-జె అధికరణం వచ్చింది మా ప్రాంతం కోసమే. ఎయిమ్స్ కోసం 2022 మేలో రాయచూరులో దీక్షకు కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎండకు వానకు కూర్చున్నారు. నేను ఫ్యాను కింద కూర్చుని కాగితం టైపు కొట్టించి, దాన్ని పట్టుకుని ఫోటో దిగి, సెల్లులో స్టేటస్ పెట్టుకున్నాను. ఆ రోజు నా అంగడి ముందు మురికి కాలువ నిండి రోడ్డు మీద పారుతోంది. ఫోటోలో అది పడకుండా పక్కకు జరిగి నిలబడ్డాను.

ఆ సమావేశంలోనే పంక్చర్ అంగడి పిల్లగాడు లేచాడు. "అన్నా, మనం తలా ఒక దినం రాయచూరుకు పోయి తలా ఒక ఆటోకు బాడుగ ఇస్తున్నం. అందరి సరుకు ఒక్క బండ్ల తెచ్చుకుంటే కాదా?" అన్నాడు.

"తమ్ముడూ, ఇది చేంబర్. ఆటో స్టాండు కాదు" అన్నాను. అందరూ నవ్వారు. వాడు మళ్లీ సమావేశానికి రాలేదు. చట్టానికి ఏడుగురు కావాలి, మేం ఆరుగురం మిగిలాం.

ఇంతవరకు చేసింది ఎవరికీ నష్టం లేని తెలివితక్కువతనం. తర్వాత చేసింది అట్లాంటిది కాదు.

మా ఊరికి బండ్లవాళ్లు వస్తారు. కూరగాయల బండి, స్టీలు సామాన్ల బండి, మోటారు సైకిలు మీద చీరల మూటలు, నెత్తి మీద పెట్టెతో గాజులామె. కొందరు రాయచూరు వైపు నుంచి, కొందరు సరిహద్దు దాటి గద్వాల వైపు నుంచి. రికార్డు చేసిన గొంతు మైకులో అరుస్తుంటే నా అంగడి ముందే ఆగి అమ్మేవాళ్లు. వాళ్లకు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, మా ఊరి డబ్బు సంచిలో వేసుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. మన సముద్రపు దొంగలు వీళ్లే అన్నాను మీటింగులో. మార్సెయ్ మాట ఇంకోసారి వాడుకునే వీలు దొరికిందని లోపల సంతోషం కూడా. బయటివాళ్లు బజారులో అమ్మరాదని తీర్మానం అయింది. ఎయిమ్స్ తీర్మానానికి నీళ్లు నమిలినవాళ్లు కూడా దీనికి గట్టిగా చేతులెత్తారు.

ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. లెటర్‌హెడ్ మీద నోటీసు రాసి నేనే స్వయంగా ఇచ్చాను. గాజులామె కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది సావుకారీ, నాకు సదువు రాదు గదా" అంది. చదివి వినిపించాను. కన్నడంలో రాసింది కాబట్టి తెలుగులో అర్థం కూడా చెప్పాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. ఆమె ఏమీ అనలేదు. పెట్టెకు తాడు బిగించుకుంది. పోతూ పోతూ నా అంగట్లోనే బిస్కెట్ ప్యాకెట్టు, సబ్బు బిళ్ల, అగ్గిపెట్టె కొని, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టి పోయింది. ఊరి డబ్బు ఆమె పట్టుకుపోతుందని కదా నా నోటీసు. ఆమె డబ్బు నా గల్లాలో వేసుకుంటూ కూడా నాకు ఆ లెక్క తట్టలేదు.

మొదట్లో బాగానే ఉంది. ఉల్లిగడ్డలు, టమాటాలు నేనే తెచ్చి గుమ్మం ముందు పోస్తే అమ్ముడయ్యాయి. అధ్యక్షుడంటే ఇట్ల ఉండాలి అనుకున్నాను. మెల్లగా టమాటాలు మెత్తబడటం మొదలైంది. సాయంత్రం పూట బజారులో మనిషి కనపడడు. ముందుగా దెబ్బ తిన్నది టైలరు. చీరల మూటలు రాకపోతే జాకెట్లు కుట్టించుకునేదెవరు? హోటలాయన కూడా గొణగడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ఆయన దగ్గర టిఫిన్ తినేది బండ్లవాళ్లేనట. అట్లయితే చేయెందుకు ఎత్తావయ్యా అంటే, "నువ్వు ఎత్తితివి గదా" అన్నాడు.

మా వీధి పెద్దమ్మ ఒకామె కారం పొడికి వస్తే అడిగాను, ఈ మధ్య ఎవరూ రావడం లేదేమని. "బండి కాడికి కూరగాయలకు వస్తే, పక్కన్నే నీ అంగడి ఉండె, నూనె సబ్బు తీసుకపోతుంటిమి. ఇప్పుడు కూరగాయలకు రాయచూరే పోతున్నం. ఆడికి పోయినంక నూనె కూడా ఆడ్నే అగ్గువ. బస్సుకు పైసా కూడా లేకపాయె" అంది.

బస్సు సంగతి నేను మరిచిన మాట నిజం. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైంది, ఆడవాళ్లకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్టు లేదు. అంతకు ముందు రాయచూరు పోయిరావాలంటే ఛార్జి లెక్క చూసుకుని ఆగిపోయేవాళ్లు. ఆ ఛార్జీయే నా అంగడికి గోడలాగా కాపలా కాసిందని నాకు తెలియదు. ఆ గోడ పడిన ఏడాదే నేను బండ్లవాళ్లను పంపించేశాను. అదే ఏడు డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పేరుతో అదే సౌకర్యం వచ్చింది. సరిహద్దు అవతల ఊళ్ల ఆడవాళ్లు మా వైపు వచ్చేది కొంచెమే, ఆ కొంచెం కూడా గద్వాల బస్సెక్కింది. పథకాలను నేను తప్పుపట్టను. మా కోడలు కూడా ఆ బస్సులోనే పుట్టింటికి పోయివస్తుంది. ఊర్లోనే నాలుగు రకాల సరుకు దొరికితే బస్సు ఎక్కే పని ఉండదని నాకు తట్టకపోవడమే నా గొప్ప.

పత్తి సంగతి కూడా అంతే. గంజ్‌లో పత్తి అమ్మిన రైతు బట్టలు, మందులు, పండగ సామాను అదే రోజు రాయచూరులో కొని ఊరికి వస్తాడు. జేబులో మిగిలిన కొంచెమే మా బజారులో దిగుతుంది. ఆ కొంచెం నాలుగు అంగళ్లు తిరగాలంటే బజారులో సందడి ఉండాలి. సందడి తెచ్చేవాళ్లకు నోటీసులిచ్చి, జనం రావడం లేదని నేను సర్కారుకు ఇంకో అర్జీ తయారు చేస్తున్నాను. అది పంపకముందే జీఎస్టీ గొడవ బయటపడింది.

చేంబరన్నాక సభ్యులకు జీఎస్టీ నంబరు ఉంటే గౌరవమని ఎవరో అన్నారు. సరుకు అమ్మేవాడికి కర్ణాటకలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే అది తప్పనిసరి. సరిహద్దు అవతల తెలంగాణలో అయితే 20 లక్షలు. నా అమ్మకం దాని దరిదాపుల్లో లేదు. అయినా తీసుకున్నాను, కాంపొజిషన్ పద్ధతిలో. పన్ను పడే సరుకు అమ్మకం మీద ఒక శాతం నా జేబులోంచి కట్టాలి, కొనేవాడి దగ్గర వసూలు చేయకూడదు. బోర్డు మీద కాంపొజిషన్ వర్తకుడినని రాసి పెట్టాలన్నారు. పెద్దక్షరాలతో రాయించాను. చూసినవాళ్లు అదేదో బిరుదనుకోవాలని.

ఆ బోర్డు పెట్టుకునే, సరిహద్దు అవతలి ఊరి చిన్న అంగడివాడికి ఆటోలో సరుకు పంపించడం మొదలుపెట్టాను. లెక్కలు చూసే ఆడిటరు బిల్లులు తిరగేస్తూ ఆగిపోయాడు. "కాంపొజిషన్‌లో ఉన్నోళ్లు వేరే రాష్ట్రానికి సరుకు పంపరాదు సార్. ఎవరూ చెప్పలేదా మీకు? మీ ఊర్లో వర్తకుల సంఘం లేదా?" అన్నాడు. నేను అధ్యక్షుణ్నని చెప్పలేదు. మా ఊరికి ఆ హద్దు ఎంత దూరం? అవతల ఉన్నదీ మన చుట్టాలే, మాట్లాడేదీ తెలుగే. చుట్టరికానికి లేని హద్దు బిల్లుకు ఉంటుంది. ఆ మాట ఏడుగురిని కూర్చోబెట్టి చెప్పాల్సినవాణ్ని నేనే.

తర్వాత గంజ్‌కు పోయినప్పుడు అడ్తి సావుకారికి అంతా చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, అదే ఇబ్బంది అనిపించింది. "ఆ ఫోటో ఏడాదికొక దినం అన్నా. మిగతా దినాలు కూర్చుంటే మాట్లాడేది హమాలీ రేట్లు, లారీలు నిలిపే జాగా, కొత్తగా వచ్చిన పన్ను కాగితాలు. నిద్రొస్తది" అన్నాడు. నేను ఆశపడింది ఆ ఒక్క దినానికి.

బండ్లవాళ్లకు కబురు పంపాను. కూరగాయల బండి వచ్చింది, చీరలాయన వచ్చాడు. స్టీలు సామాన్లాయన వేరే ఊరు పట్టుకున్నాడు. గాజులామె చాలా రోజులకు వచ్చి, కాగితం ఏమైనా ఉందా అని ముందే అడిగింది. లేదని చెప్పాను. ఇప్పుడు బండ్లవాళ్లు ఎండకు నా అంగడి అరుగు మీద కూర్చుంటారు, నీళ్లు ఇస్తాను. పోయిన బేరం అంతా తిరిగి రాలేదు. బస్సెక్కినవాళ్లలో సగం మంది రాయచూరుకే అలవాటు పడ్డారు. అవతలి ఊరికి సరుకు పంపడం మానేశాను. లేకుంటే కాంపొజిషన్ వదిలి మామూలు రిజిస్ట్రేషనుకు మారాలి, అంత బేరం నాకు లేదు.

సంఘం లేదు, అధ్యక్షుడూ లేడు. పంక్చర్ అంగడి తమ్ముడి దగ్గరకు నేనే పోయి ఆటో మాట మళ్లీ ఎత్తాను. వాడు కాసేపు టైరు రుద్దుతూనే ఉండి, "బాడుగ ముందే ఇయ్యాల అన్నా" అన్నాడు. ఇప్పుడు హోటలాయన, టైలరు, నేను కలిసి ఒకే ఆటోలో సరుకు తెచ్చుకుంటున్నాం. లెక్క వాడే రాస్తాడు. బండిలో ఇంకా జాగా ఉంది. యాపలదిన్నిలో అంగడి ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ముందు రోజు రాత్రి లోపల వాడికి ఒక మాట చెప్పండి. నాలుగో మనిషి కలిస్తే బాడుగ ఇంకా తగ్గుతుంది.