సీమంతం కోర్సు: ఫీజు నాలుగు వాయిదాల్లో

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం దాకా నడిచేసరికి నా చేతిలో పదకొండు కరపత్రాలు పోగయ్యాయి. జావా, పైథాన్, శాప్, డేటా సైన్స్, స్పోకెన్ ఇంగ్లీషు. డెమో ఉచితం, ప్లేస్‌మెంట్ వంద శాతం. భూమ్మీద ఏ విద్యనైనా నలభై అయిదు రోజుల్లో నేర్పేసే ఈ సందుల్లో ఒక్క కోర్సే కనబడలేదు: కడుపుతో ఉన్న పేదింటి ఆడమనిషి, సర్కారు ఇస్తానన్న డబ్బును కాన్పులోగా రాబట్టుకోవడం ఎలా? ఎవరూ పెట్టలేదు గనుక నేనే పెడుతున్నాను. రూము చూశాను, కుర్చీలు వచ్చాయి. బోర్డు మీద పేరు మాత్రం రాయించలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా పెయింటర్‌ను ఎక్కడ తెచ్చేది?

మొదటి పాఠం లెక్కలు. 2013 నాటి ఆహార భద్రత చట్టం గర్భిణికి ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. మొదటి కాన్పా, మూడో కాన్పా అని అడగలేదు. దేశమంతటా అమలుకు 2017 జనవరి 1 దాకా ముహూర్తం కుదరలేదు. ఈ మధ్యలో కడుపు పండినవాళ్లు తొందరపడ్డారన్నమాట. తీరా వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన ఇచ్చేది 5,000, అదీ మొదటి కాన్పుకే. మిగతా వెయ్యి ఏదీ అంటే జననీ సురక్ష యోజన డబ్బుతో కలుపుకోండి, సగటున ఆరు వేలవుతుంది అన్నారు. ఆ 'సగటున' అనే మాట దగ్గర మా విద్యార్థులు ఓ పూట ఆగాలి. విజయవాడ బస్తీలో కాన్పయితే జననీ సురక్ష కింద వచ్చేది 600. మొత్తం 5,600. బిహార్ పల్లెలో అయితే 1,400. మొత్తం 6,400. రెండూ కలిపి రెండుతో భాగించండి. సరిగ్గా ఆరు వేలు! విజయవాడ బాలింత తన నాలుగొందల గుడ్లూ పాలూ బిహార్‌లో ఎవరో తిన్నారని తెలుసుకుని తృప్తిగా త్రేన్చాలి.

విజయవాడ ఎందుకంటారా? మాకు మా కేసీఆర్ కిట్ ఉందంటూ తెలంగాణ ఏళ్ల తరబడి ఆ కేంద్ర పథకంలో చేరలేదు. ఇక్కడ చదివి ఇంకెక్కడో డబ్బు తెచ్చుకోవడం అమీర్‌పేటకు కొత్త కాదులెండి.

రెండో పాఠం జ్యోతిషం. 2022 నుంచి నిబంధన మారింది: రెండో కాన్పుకూ ఇస్తారు, 6,000, కాకపోతే ఆడపిల్ల పుడితేనే. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. కాబట్టి గర్భిణి తిండికి ఇచ్చే డబ్బుకు తాను అర్హురాలో కాదో ఆ తల్లికి తెలిసేది కాన్పయ్యాకే. తొమ్మిది నెలలూ తినాలా వద్దా అన్నది విడిగా చెప్పలేదు.

మూడో కాన్పు సంగతి అడక్కండి అనబోయాను గానీ, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు 2025 మార్చిలో ఆ లోటూ తీర్చారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే తన జీతంలోంచి యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు. పిల్లల్ని కనండి కనండి అని చంద్రబాబు గారు అంతకుముందు నుంచే పోరుతున్నారాయె. అంటే మొదటి బిడ్డకు ఐదు వేలు, రెండోవాడు మగాడైతే సున్నా, మూడోవాడూ మగాడైతే ఆవు. ఆవు చెవికి పన్నెండంకెల ట్యాగు ఎటూ ఉంటుంది గనుక దాని గుర్తింపుకు ఢోకా లేదు. ఇబ్బందల్లా ఆ తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాకపోవడంతోనే.

ప్రాక్టికల్స్‌కు పంజాగుట్ట వెళ్తాం, నడిచే దూరం. 2023 జూన్ 14న నిమ్స్‌లో కేసీఆర్ గారు గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు అందించారు: నెయ్యి, ఖర్జూరం, హార్లిక్స్, ఐరన్ సిరప్. అప్పటికి శాసనసభకు కూడా నెలలు నిండుతున్నాయి. అసలు కేసీఆర్ కిట్ 2017 జూన్ నాటిది. సర్కారు దవాఖానాలో కాన్పయితే సబ్బు, నూనె, దోమతెర, చీరలు, మొత్తం పదహారు వస్తువులు. పైగా మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకు 13,000, నాలుగు వాయిదాల్లో. మంచి పథకమే, ఒప్పుకోవాలి. సర్కారు దవాఖానాలు నిండాయి. కిట్ సంచి టైముకే వచ్చింది, దాని మీద బొమ్మ ఉందిగా. నోట్ల మీద ముఖ్యమంత్రి బొమ్మ వేసే వీలు లేకపోవడం వల్ల కాబోలు, డబ్బుకు నడక ఆలస్యంగా వచ్చింది. ప్రభుత్వం మారాక కిట్ కాస్తా ఎంసీహెచ్ కిట్ అయింది. బిడ్డకు ఒకసారే బారసాల, సంచికి రెండుసార్లు.

ఫిన్లాండ్ 1938లోనే పేద తల్లులకు ఇలాంటి పెట్టె ఇచ్చింది. 1949 నుంచి పేదా గొప్పా లేకుండా అందరికీ. పెట్టె వద్దంటే డబ్బు తీసుకోవచ్చు. పాపం, మరీ చప్పగా ఉంటుంది వాళ్ల రాజకీయం.

అన్నిటికన్నా కష్టమైన పాఠం 2017 ఏప్రిల్ 1ది. ఆ రోజు నుంచి హైటెక్ సిటీ కొలువులో ఉన్న అమ్మాయికి ప్రసూతి సెలవు 26 వారాలు, పూర్తి జీతంతో. చాలా న్యాయం. ఆ అమ్మాయి ఇంట్లో అంట్లు తోమే మనిషికి సెలవు లేదు, జీతమూ లేదు. కూలి పోయినందుకు 'పాక్షిక పరిహారం'గానే ఐదు వేలు ఇస్తున్నామని మాతృవందన పథకం కాగితాలే చెబుతాయి. అవే 26 వారాలకు, అంటే 182 రోజులకు పంచితే రోజుకు ఇరవై ఏడు రూపాయల చిల్లర. ఓ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్టు. బాలింత పథ్యానికి ఏది పడుతుందో మా ఫ్యాకల్టీ పరిశీలిస్తున్నారు.

నిన్న డెమో క్లాసు పెట్టాను. ఒకే ఒక్కామె వచ్చింది, వెంట స్కూలు యూనిఫాంలో పిల్లాడు.

"వీడు కడుపుల ఉన్నప్పుడు రాయించుకున్నరు సారూ. మొదటి పైసలు పడ్డయి. కడమ మూడుసార్లవి పడలే. ఫారాలన్నీ జిరాక్స్ తీసి పెట్టిన."

"పిల్లాడిప్పుడేం చదువుతున్నాడమ్మా?"

"ఒకటో తరగతి. మీ ఫీజెంత సారూ?"

చెప్పాను. నాలుగు వాయిదాల్లో కట్టవచ్చని కూడా చెప్పాను.

ఆమె కొంగు ముడి విప్పింది. "ఇగో, మొదటిది తీస్కోండ్రి. కడమ మూడు సర్కారు లెక్కన కడత."