బాబాయి వాక్యము – సటీకాతాత్పర్యము

మూలము

“ఒబసన్ కాదు బాబాయ్, ఒబాసన్. బా సాగాలి.”
“ఆయ్.”
“ఇప్పుడు ౘునామి అను.”
“సునామీ. అది సరేగానమ్మా, పుతిను తకయిచి తైవాను పోరు ట్రంపు… పొద్దున్న లేత్తే ఇదే గోల. ఏవయ్యా, ఇంకో పొట్టిక్క ఎయ్యి.”

అవతారిక

ఈ సంవాదము కోనసీమలోని అంబాజీపేటలో, కొబ్బరి మార్కెట్టుకు కూతవేటు దూరముననున్న టిఫిను కొట్టులో పుట్టినది. కాలము 2025 డిసెంబరు. బాబాయి కొబ్బరి వర్తకుడు. దింపు, ఒలుపు, రాశి, కురిడీ అను నాలుగు మాటలతో జీవయాత్ర గడుపువాడు. అమ్మాయి ఆయన అన్నగారి కుమార్తె. నర్సింగు ముగించి, వృద్ధుల సంరక్షణకై జపాను పోదలచి, ఆ భాష చదువుచున్నది. పాఠము అప్పజెప్పించుకొనుటకు పుస్తకము బాబాయి చేతికిచ్చినది. అందలి జపాను మాటలన్నియు ఇంగ్లీషు అక్షరములలో నున్నవి. సకలానర్థములకును ఇదియే కారణమని ముందుగా ఎరుగవలెను.

కోనసీమవారికి పరదేశమనగా కువైట్, మస్కట్, దోహా. జపాను కొత్త వాకిలి. ఆ దేశమున నూటికి ఇరువది తొమ్మిది మంది 65 ఏండ్లు నిండినవారే. చేయూతకు మనుషులు చాలక, 2019 ఏప్రిల్‌లో నైపుణ్యముగల పరదేశీయులకు వేరొక వీసా పెట్టిరి. 2025 ఆగస్టులో మన ప్రధాని అచటికేగినప్పుడు, ఐదేండ్లలో 50,000 మంది మన పనివారిని పంపవలెనని ఉభయులు అనుకొనిరి. అమ్మాయి ఆ యాభై వేలలో ఒకతె కాగోరుచున్నది.

టీక

ఒబసన్ = పిన్ని, అత్త, లేదా పేరు తెలియని నడివయసు ఆడమనిషి. ఒబాసన్ = మామ్మ. భేదమంతయు ఒక మాత్ర. మొదటిది నాలుగు మాత్రలు, రెండవది ఐదు. ఇంగ్లీషు అక్షరములలో రెండును ఒక్కతీరుననే కనబడుటచే బాబాయి రెంటిని ఒక్కటిగా చదివెను. దోషము ఆయనది కాదు. అంబాజీపేటలోనైనను తలకు రంగు వేసికొన్న ఆవిడను “మామ్మగారూ” అని పిలిచి చూడుడు, మాత్ర విలువ తెలియును.

జపానువారు మాటను మాత్రలతో కొలుతురు. దీర్ఘమునకు రెండు, ద్విత్వమునకు, సున్నకు అదనముగా ఒక్కొక్కటి. ఇది మన గురులఘువుల లెక్కయే. నిప్పొన్ నాలుగు, తోక్యో నాలుగు. మన పత్రికలలోని “ఒసాకా” మాత్రము ఐదు మాత్రలు తినుచున్నది. ఆ ఊరి అసలు పేరు ఓసక, నాలుగే. పెద్దబాలశిక్ష చదివినవాడు జపాను పలుకుటకు తడబడనక్కరలేదు. మరి మన పిల్లలకు ఆ భాషను ఇంగ్లీషు లిపిలో చెప్పుట ఎందుకో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

పరీక్ష మాట. వీసాకు వలసిన నాలుగవ మెట్టు జపాను భాషా పరీక్షలో నోరు తెరువనక్కరలేదు. వినుట, చదువుట, గుర్తించుట చాలును. నోరు తెరువవలసినది తరువాత, మంచము ప్రక్కన. అమ్మాయి ఇప్పుడే బాబాయిని వేధించుట దూరదృష్టియని గ్రహించునది.

ఆయ్ = వింటిని. ఒప్పుకొంటినని అర్థము కాదు. జపానువారి “హై” కూడ చాలమారు ఇంతియే. కోనసీమలో పుట్టినవారికి ఈ ఒక్క మాట నేర్పనక్కరలేదు. హకారము చేర్చుకొనిన చాలును.

ౘునామి. చిన్నయసూరి బాలవ్యాకరణమున దంత్య చకారమును, తాలవ్య చకారమును వేరు చేసియున్నాడు. ఇ, ఎ లు పరమైనప్పుడు తాలవ్యము, తక్కినచోట్ల దంత్యము, చిలుక, ౘుక్క. జపాను తవర్గము చూడుడు: త, చి, ౘు, తె, తొ. ఇకారముతో తాలవ్యము, ఉకారముతో దంత్యము! సూరిగారి నీడ ఎంతదూరము పోయినదో! బాబాయి దినమునకు ముమ్మారు “ౘుట్ట” అని ఏ లోపమును లేక పలుకును. అదే నోట “సునామీ” అనుటకు కారణము, 2004 డిసెంబరు 26 మరునాటి పత్రికలు. ఆ మాట ఇంగ్లీషు గుండా వచ్చుచు దారిలో తకారమును పోగొట్టుకొన్నది. “ౘుట్ట మీద ఒట్టేసి చెప్పు” అని అమ్మాయి అడిగియున్నచో సరిగా వచ్చెడిది.

పుతిను తకయిచి తైవాను పోరు ట్రంపు. ఇది గద్యమువలె కనబడును గాని తేటగీతి పాదము. బాబాయికి తెలియకనే పుట్టినది. పుతిను నగణము, సూర్యుడు. తకయిచి నలము, తైవాను తగణము, ఇరువురును ఇంద్రులు. పోరు, ట్రంపు హగణములు, మరల సూర్యులు. పు–పో యతి. “తకాయిచి” అని కొన్ని పత్రికలలో పాఠాంతరము కలదు. గణభంగమగుటచేతను, జపాను ఉచ్చారణకు విరుద్ధమగుటచేతను అది త్రోసివేయదగినది. 2025 అక్టోబరు 21న ఆ దేశమునకు తొలి మహిళా ప్రధానియైన ఈమె పేరు నాలుగు లఘువులే.

శంక: “పోరు” తరువాత ట్ర అను సంయుక్తాక్షరము వచ్చినది గదా, ట్రంపు ముందు నిలిచిన లఘువు బరువెక్కదా?

సమాధానము: తెలుగున సమాసమున్నచోనే ఆ బరువు, విడిపదములైనచో లేదు. లోకమునను ఇట్లే చూచుచున్నాము. జపాను ట్రంపుతో సమాసము చేసికొని 55,000 కోట్ల డాలర్ల పెట్టుబడి బరువు నెత్తికెత్తుకొని, సుంకమును 15 శాతమునకు దింపుకొన్నది. మనము విడిగా నిలిచితిమి. మన సరకుపై 2025 ఆగస్టు 27న 50 శాతము పడినది. రొయ్యల చెరువులవారినడిగిన ఏది లఘువో ఏది గురువో చెప్పుదురు.

తైవాను. బాబాయి ఈ మాటను ఊసుపోక అన్నాడని పూర్వవ్యాఖ్యాతలు (ప్రక్క బల్లమీదివారు) తలచిరి. అది పొసగదు. 2025 నవంబరులో తకయిచిగారు, తైవానుపై దాడి జరిగినచో జపాను ఊరకుండకపోవచ్చునని చట్టసభలో అనిరి. చైనాకు కోపము వచ్చి తమవారిని జపాను పోవద్దనెను, జపాను చేపలను వద్దనెను. బాబాయి ఇంటికి ఇట్టి పోరు కొత్త కాదు. 1990 ఆగస్టులో ఇరాకు సేన కువైట్‌లో దిగిననాడు అమ్మాయి తండ్రి అచటనే ఉన్నాడు. అప్పటికింకను పెండ్లి కాలేదు. ఇంటికి కబురు లేదు. రమారమి లక్షా డెబ్బది వేల మందిని మన ప్రభుత్వము విమానములలో తెచ్చినప్పుడు, అమ్మాను మీదుగా వచ్చినవారిలో ఆయన ఒకడు. ఆయన తమ్ముడైన బాబాయి నేడు పేపరులో తైవాను వార్త చదివి, జపాను పుస్తకము పట్టుకొని కూర్చున్నాడు. కోనసీమలో టీకొట్టు రాజకీయములు చాలవరకు ఇట్టివే. ఎవడు గెలుచుననునది కాదు, మన పిల్ల ఉన్న ఊరు ఆ దారిలో ఉన్నదా అనునదే ప్రశ్న. “పోవద్దు” అని ఆయన అనలేదు. “అది సరేగానమ్మా” అన్నాడు.

పొట్టిక్క = పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి, అందు ఇడ్డెనపిండి పోసి ఆవిరిపై ఉడికించినది. ఆకు వలిచినప్పుడు దాని నరముల గుర్తులు ప్రక్కలపై దిగియుండును. జపానువారికి టకారము లేదు గావున పై తవర్గము చొప్పున “పొచ్చిక్క” అనవచ్చును. మాత్రలు మాత్రము ఐదును దక్కును.

తాత్పర్యము

బాబాయికి ఇంకొక పొట్టిక్క కావలెను. చట్నీ ప్రస్తావన మూలమున లేదు.