రాజావారికి క్లబ్‌హౌస్ లేదు

బెంగళూరు ప్యాలెస్ చూసొచ్చిన, అదే ఊళ్ళో బెళ్ళందూరు అపార్టుమెంట్లలో ఉండే తెలుగువాడి తీర్పు ఎప్పుడూ ఒకటే. "ఏముందండీ అక్కడ? స్విమ్మింగ్ పూల్ లేదు, జిమ్ లేదు, పిల్లలకి ప్లే ఏరియా లేదు. అంత టికెట్టు పెట్టి పాత సోఫాలు చూసి రావాలా?"

నిజమే, రాజావారు మోసపోయారు. 1873లో రెవరెండ్ గారెట్ అనే హైస్కూలు ప్రిన్సిపాలు దగ్గర ఆ ఆస్తి కొన్నప్పుడు చామరాజేంద్ర ఒడయరుగారికి పదేళ్ళు. మైనరుబాబు తరఫున బేరమాడింది తెల్లదొరలు. ధర 40,000 రూపాయలు. ఇప్పుడు బెళ్ళందూరులో ఆ డబ్బుతో రెండు పడకగదుల ఫ్లాటులో ఓ నెల అద్దెకుండొచ్చు, కరెంటు బిల్లు వేరే. ఆ దొరలు 1878 నాటికి బురుజులు, గోపురాలు లేపించి, విండ్సర్ కోటలా ఉందని మురిసిపోయారు గానీ, క్లబ్‌హౌస్ ఎన్ని చదరపు అడుగులని ఒక్కడూ అడగలేదు.

లోపలికెళ్ళిన మనవాళ్ళను చూడండి. మెడలో ఆడియో గైడు వేలాడుతుంటుంది, చెవిలో మాత్రం ఆఫీసు కాల్ నడుస్తుంటుంది. మెట్ల దగ్గర ఏనుగు తల ముందు అరడజను సెల్ఫీలు. ఇంకో గదిలో నిజం ఏనుగు పాదంతో చేసిన పీట ఉంది. గోళ్ళతో సహా అలాగే ఉంది. "నాన్నా, ఇది నిజం ఏనుగుదా?" అని పిల్లాడు అడుగుతాడు. "కాదమ్మా, ఫైబరు. మన లాబీలో జిరాఫీ లేదూ, అలాంటిదే" అంటాడు తండ్రి. తర్వాత కాపలావాణ్ణి అడిగేవి మూడే ప్రశ్నలు: వాష్‌రూమ్ ఎటు, క్యాంటీన్ ఎటు, బయటికి దారెటు.

ఇక ప్యాలెస్ ఆవరణ. నాలుగువందల యాభై ఎకరాల పైమాట. 2003లో రోలింగ్ స్టోన్స్, 2011లో మెటాలికా అక్కడే హోరెత్తించారు. ముహూర్తాల సీజనులో మనవాళ్ళు బాజాలతో హోరెత్తిస్తారు. ఈ ఎస్టేటును స్వాధీనం చేసుకుంటామని కర్ణాటక ప్రభుత్వం 1996లో చట్టం చేసింది. రాజకుటుంబం కోర్టుకెళ్ళింది. కేసు ఆ తరాన్ని దాటి ఈ తరానికొచ్చింది. ఈలోగా రోడ్డు వెడల్పు చేయడానికి పదిహేనెకరాల చిల్లర కావాల్సొచ్చింది. దానికి పరిహారంగా సుమారు 3,000 కోట్ల విలువైన అభివృద్ధి హక్కులు ఇమ్మని సుప్రీంకోర్టు అనేసరికి సర్కారుకు గుండె ఆగినంత పనై, అవి ఇవ్వకుండా తప్పించుకోవడానికి 2025 జనవరిలో ఆర్డినెన్సు బాట పట్టింది. రాజుగారి తోట విలువ మనకు తెలిసేది రెండు చోట్లే: బఫే వరుసలో, ట్రాఫిక్ వరుసలో.

అదే 1996లో ఇంకో ఎస్టేటు మీదా ఇలాంటి చట్టమే వచ్చింది. కనకపుర రోడ్డులోని తాతగుణి అది. మన వాల్తేరులో పుట్టి, వెండితెరనేలి, తొలి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న దేవికారాణి, చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్ కాపురమున్న చోటు. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 వచ్చింది. వారాంతంలో పిజ్జా కోసం ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి కారేసుకు తిరిగే మనలో తాతగుణి పేరు విన్నదెందరు?

వినకపోయినా ఫర్వాలేదు, మనకు సొంత ఎస్టేట్లున్నాయిగా! ప్యాలెస్‌లోకి వెళ్ళాలంటే టికెట్టు చాలు. మన గేటు దాటాలంటే ఫోటో, ఫోన్ నంబరు, ఓటీపీ, బండి నంబరు, ఆపైన ఫ్లాటువారి దయ. ప్యాలెస్ దర్బారు హాల్లో ఆడవాళ్ళు చాటున కూర్చుని సభ చూసేందుకు ఓ తెర ఉంది. దాన్ని చూసి "అబ్బ, ఎంత వెనకబాటుతనం!" అని నొచ్చుకునే ఇల్లాలే, ఇంటికొచ్చి పనమ్మాయిని సర్వీసు లిఫ్టులో రమ్మంటుంది. అక్కడ రాచరికం అద్దాల వెనక దుమ్ము పట్టింది. ఇక్కడ నెలనెలా మెయింటెనెన్సు కట్టించుకుని మరీ నడుస్తోంది.

రాజులేమీ తక్కువవాళ్ళు కాదు. ప్రజల్ని పిండుకున్నారు, ఏనుగు కాళ్ళు నరికి పీటలు చేసుకున్నారు. కానీ ఈ నేలని ఏలిన పాతకాలపు ఏలికలకు ఒక్క బుద్ధి ఉండేది: ఊరికో చెరువు. ఒకటి నిండితే అలుగు పారి కిందిది నిండేలా గొలుసు కట్టారు. అలా తొమ్మిది వందల ఎకరాలు పరుచుకున్నది బెళ్ళందూరు చెరువు. గేటు లేదు, ఓటీపీ లేదు. దానికి మనం లేక్ వ్యూ అని పేరు పెట్టి, చదరపు అడుగుకింతని అదనంగా కట్టి, కిటికీ ఇటు తెరిచాం, మురుగు అటు వదిలాం. ఊరి మురుగు వచ్చి చేరింది, డిటర్జెంటు నురగ రోడ్డెక్కింది. 2015లో నిప్పంటుకుంది, 2017లో అంటుకుంది, 2018 జనవరిలో ఆర్పడానికి సైన్యం దిగింది. నీళ్ళకు నిప్పంటించిన ఘనత ఏ చక్రవర్తికీ లేదు. 2022 సెప్టెంబరులో నీరు తన పాత దారి వెతుక్కుంటూ విల్లాల్లోకే వచ్చింది. అంబారీ మీద ఊరేగాల్సిన ప్రభువులు ల్యాప్‌టాప్ సంచీలు నెత్తిన పెట్టుకుని ట్రాక్టరు ట్రాలీల్లో తరలిపోయారు.

వందేళ్ళ తర్వాత మన ఎస్టేటు చూడ్డానికీ జనం వస్తారనుకుందాం. ఏం చూపిస్తాం? రంగు వెలసిన జిరాఫీ, సర్వీసు లిఫ్టు తలుపు, తనిఖీవాళ్ళు వచ్చిన రోజు మాత్రమే తిరిగిన మురుగు శుద్ధి యంత్రం.

అందాకా ఎందుకు, ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగులో రెండు తీర్మానాలు పెట్టి చూడండి. శుద్ధి యంత్రం రోజూ నడపాలని ఒకటి, లిఫ్టులన్నీ అందరివీ అని రెండోది. కోరం లేదని వాయిదా పడుతుంది. వచ్చే వారం ఎజెండాలో క్లబ్‌హౌస్‌కి కొత్త సోఫాలు అని రాయండి. కుర్చీలు చాలవు.