ఆకుకషాయం కెమిస్ట్రీకి కొన్ని తలకిందుల సలహాలు

ఈ సలహాలు వింటే చాలామంది గైడ్లకు కోపం రావచ్చు. పీహెచ్‌డీ ఆలస్యమవుతుందంటారు, పేపర్ల లెక్క తగ్గుతుందంటారు. రెండూ నిజమే. అయినా ఆకుల కషాయంతో లోహపు నానోకణాలు తయారుచేసి, వాటిని ఆర్గానిక్ చర్యలకు ఉత్ప్రేరకాలుగా వాడదామనుకునే ప్రతి విద్యార్థికీ నేను చెప్పేది ఇదే.

కొత్త మొక్క కోసం వెతకొద్దు. బతికున్న అల్ఫాల్ఫా మొక్కల్లో బంగారు నానోకణాలు ఏర్పడతాయని గార్డియా-టొర్రెస్‌డే బృందం 2002లోనే చూపించింది. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం 2004లో వేపాకు కషాయంతో వెండి, బంగారు కణాలు చేసింది. అదే ఏడాది నిమ్మగడ్డి కషాయంతో త్రికోణాకారపు బంగారు పలకలు కూడా చేసింది. ఆ తర్వాత ఉసిరి, తులసి, మునగ, కరివేపాకు, తంగేడు అన్నీ అయ్యాయి. పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు, చక్కెరలు లేని ఆకు ఎక్కడుంది? అవి ఉన్నచోట వెండి అయాను లోహంగా మారుతుంది, ద్రావణం పసుపుకు, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకో ఆకుతో కూడా రంగు మారిందన్నది ఇప్పుడు వార్త కాదు.

అందుకే అందరూ వాడేసిన వేపాకునే తీసుకోండి. చైత్రంలో కోసిన లేతాకు, ఆషాఢంలో కోసిన ముదురాకు ఒకే సైజు కణాలు ఇస్తాయా? ఒక్కో కషాయంలో మొత్తం ఫినాల్ ఎంతో కొలిచి, ఆ అంకెకూ కణాల సైజుకూ సంబంధం ఉందో లేదో చూడండి. మీ పేపర్ చదివి వేరే ఊళ్లో ఇంకొకరు అదే కణాన్ని తయారుచేయలేకపోతే అది ఉత్ప్రేరకంగా ఎవరికీ పనికిరాదు. ఈ రంగంలో అసలు తీరని కొరత ఇదే.

మొదటి ప్రయోగం ఆకు లేకుండా చేయండి. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. మన కాలేజీల్లో ఎక్కువగా చేసే పరీక్ష 4-నైట్రోఫినాల్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో 4-అమైనోఫినాల్‌గా మార్చడం. 400 నానోమీటర్ల దగ్గర పసుపురంగు శిఖరం తగ్గుతుంది, 300 దగ్గర కొత్తది లేస్తుంది, యూవీ యంత్రం ముందు కూర్చుంటే కళ్లముందే కనిపిస్తుంది. ఉత్ప్రేరకం లేకపోతే చర్య దాదాపు కదలదు. 4-అమైనోఫినాల్ నుంచి పారాసెటమాల్ తయారవుతుంది కాబట్టి చర్యకు విలువ కూడా ఉంది. అంతవరకు బాగానే ఉంది.

కానీ బోరోహైడ్రైడ్ స్వయంగా బలమైన క్షయకరణి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో అది పడగానే ఏ ఆకూ లేకుండా వెండి కణాలు ఏర్పడతాయి, అవి కూడా నైట్రోఫినాల్‌ను మారుస్తాయి. మీ కషాయంలో చర్య జరపని వెండి అయాన్లు కొన్ని మిగిలిపోయి ఉంటే, క్యువెట్‌లో బోరోహైడ్రైడ్ పోసిన క్షణంలో అవి కొత్త కణాలవుతాయి. వేగం వాటిది, పేరు వేపాకుది. కాబట్టి కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, నీటితో కడిగి, పైన తేలిన నీటిని పారబోయకుండా దాన్ని కూడా ఉత్ప్రేరకంలాగే పరీక్షించండి. అంతే మోతాదు వెండి ఉన్న ఉత్త సిల్వర్ నైట్రేట్‌తో ఒకసారి, ఉత్త కషాయంతో ఒకసారి చర్య నడపండి. ఇంకో చిక్కు కూడా ఉంది. వెండి కణాల సొంత శిఖరం కూడా 400 నానోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. దాన్ని తీసివేయకుండా వేసిన గ్రాఫు మీద రేటు స్థిరాంకం రాయడం తప్పు.

ఆకుకణాలు లేకుండా నడిపిన ఈ బ్లాంక్ ప్రయోగాలు పేపర్ చివర ఎక్కడో ఒక వాక్యంగా కాదు, మొదటి పట్టికలో మొదటి వరుసలుగా ఉండాలి.

ఎక్స్‌ఆర్‌డీలో అక్కర్లేని శిఖరాలను ముందు చూడండి. వెండికి 38, 44, 64, 77 డిగ్రీల దగ్గర గీతలు వస్తాయి. వాటికి గుర్తులు పెట్టి, 27.8, 32.2, 46.2 దగ్గరున్న వాటిని ఆకులోని సేంద్రియ పదార్థాలవని రాసి వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అవి సిల్వర్ క్లోరైడ్ గీతలు. ఆకులోనూ కుళాయి నీళ్లలోనూ క్లోరైడ్ ఉంటుంది, వెండి కనబడితే పట్టుకుంటుంది. మీ దగ్గరున్నది వెండి, వెండి క్లోరైడ్ కలిసిన మిశ్రమం అయితే ఆ మాట రాయండి.

మంచి దిగుబడి వస్తే అనుమానించండి. పల్లాడియం మీద పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. నికొలస్ లెడ్‌బీటర్ బృందం 2003లో, ఏ లోహమూ లేకుండా నీటిలో, మైక్రోవేవ్ వేడిమీద సుజుకి చర్య నడుస్తోందని ప్రకటించింది. 2005లో అదే బృందం మళ్లీ పరీక్షించి, వాడిన సోడియం కార్బొనేట్‌లో వందకోట్ల భాగాలకు 50 భాగాల పల్లాడియం ఉందనీ, పని చేసింది అదేననీ తానే ప్రచురించింది. నేను ఎంతో గౌరవించే పేపర్లలో ఆ రెండోది ఒకటి. పాత మాగ్నెటిక్ స్టిరర్ కడ్డీల గీతల్లో ఇరుక్కున్న లోహం కూడా ఇలాగే పనిచేస్తుందని 2019లో అనానికోవ్ బృందం చూపించింది. కొత్త కడ్డీ, కొత్త ఫ్లాస్కు తీసుకుని, కణాలు వేయకుండా ఒకసారి చర్య నడిపి చూడండి.

చర్యను సగంలో ఆపండి. పూర్తయ్యేదాకా ఆగితే రెండు నిజాలు దాగిపోతాయి. మొదటిది, లోహం కరిగి ద్రావణంలోకి వస్తోందా అన్నది. ముప్పై, నలభై శాతం చర్య అయ్యాక వేడిగా ఉండగానే వడపోసి, వడపోసిన ద్రావణాన్ని అదే వేడిలో కొనసాగించండి. అది ఇంకా ముందుకు నడిస్తే పని చేస్తున్నది మీ గట్టి కణం ఒక్కటే కాదు. నోటితో తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది, కాబట్టి ఇది ఫార్మా కంపెనీ మొదట అడిగే ప్రశ్న. రెండోది పునర్వినియోగం. ఐదుసార్లు వాడినా 98 శాతం వచ్చిందని పట్టిక వేస్తారు. గంటలో అయిపోయే చర్యకు పన్నెండు గంటలు ఇస్తే, సగం చచ్చిన ఉత్ప్రేరకం కూడా 98 తెస్తుంది. ప్రతిసారీ మొదటి పది నిమిషాల వేగం కొలవండి. పడిపోతే పడిపోయిందని వేయండి.

గ్రీన్ అనే మాటను తూకం వేశాకే వాడండి. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన పద్ధతి పచ్చనిది కాదు. షెల్డన్ 1992లో చెప్పిన ఇ-ఫ్యాక్టర్ లెక్క చాలా సులువు, కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అన్నదే అది. కషాయం కాచిన కరెంటు, మిగిలిన ఆకుపిప్పి, అవసరానికి ఎన్నో రెట్లు పోసిన బోరోహైడ్రైడ్, చివర్లో కాలమ్‌లో పోసిన హెక్సేన్, ఇథైల్ అసిటేట్ అన్నీ కాగితం మీద పెట్టండి. చాలాసార్లు ఆకు ఆదా చేసిన దానికంటే కాలమ్ తిన్నదే ఎక్కువని తేలుతుంది. అప్పుడు మార్చాల్సింది శుద్ధి పద్ధతిని.

ఈ లెక్క మనకు ఎవరికన్నా ఎక్కువ అవసరం. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో లార్సన్ బృందం ప్రచురించింది. అదే హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు చౌదరి, లక్ష్మీకాంతంల బృందం 2002లో పొరల హైడ్రాక్సైడ్ మీద నానో పల్లాడియం నిలిపి, మొండికేసే క్లోరోఎరీన్లతో హెక్, సుజుకి చర్యలు నడిపింది. లోహాన్ని ఒక ఆధారం మీద గట్టిగా నిలపడమే అక్కడి కీలకం. ఆకుకణాలతో పనిచేసేవాళ్లు కూడా ఆ దారి పట్టాలి. కషాయంలోని పదార్థాల పూత కణాన్ని గడ్డకట్టకుండా కాపాడుతుంది గానీ, మందమైతే చర్య జరగాల్సిన ఉపరితలాన్నే కప్పేస్తుంది. ఎంత పూత ఉందో వేడిచేసి బరువు తగ్గుదల చూసి చెప్పండి.

ఇవన్నీ చేశాక ఆకు ఉన్నా లేకపోయినా వేగం ఒక్కటేనని తేలితే, ఆ మాటను సారాంశంలోనే రాసి ప్రచురించండి. ఏ పత్రిక వెనక్కి పంపినా ఇంకో పత్రికకు పంపండి, కానీ ఆ పట్టికను మాత్రం తీసేయకండి.