మాత్ర అడిగితే ఫార్ములా

నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రి నుంచి మందుల సంచీతో వచ్చేవాళ్లు ఈ మాస్టారి కంట పడకుండా బస్సెక్కడం కష్టం. స్ట్రిప్పు కనబడితే చాలు, కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగుతుంది. పైన లావుగా అచ్చేసిన పేరు ఆయనకు అక్కర్లేదు. దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న అసలు పేరే కావాలి.

నిజానికి ఆయన మాస్టారూ కాదు, కాంపౌండరూ కాదు. జూట్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడో డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ అన్నాళ్లూ ఖాళీగా కూర్చుని, ఇప్పుడు ఊరి మీద పడింది.

"గుంటడికి ఒళ్లు కాలిపోతంది మాస్టారూ, ఏటెయ్యమంటారు?"

పారాసెటమాల్ ఫార్ములా సి8హెచ్9ఎన్ఓ2 దగ్గర మొదలెట్టి, అది లివర్లో ఎలా విరుగుతుందో వివరించి, చివర్లో "పిల్లలకి బరువును బట్టి డోసమ్మా, డాక్టరుగారిని అడుగు" అంటాడు. ఆర్‌ఎంపీ అయితే ఈపాటికి ఓ సూది పొడిచి పంపేవాడని ఆవిడ గొణుగుడు.

ఆయన దగ్గరో లెడ్జరుంది. ఎడమవైపు కంపెనీ పేర్లు, కుడివైపు మందు పేర్లు. డోలో ఎదురుగా పారాసెటమాల్ అని ఒక్కసారే రాశాడు. కాల్‌పాల్, క్రోసిన్‌లకు డిట్టోలే. జ్వరానికి డోలో, మోకాళ్లకు కాంబిఫ్లామ్ కలిపి మింగే పెద్దాయన్ని ఆపింది ఆ పేజీయే. కాంబిఫ్లామ్‌లోనూ 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంది మరి. ఈ ఒక్క పనికైనా ఆయన్ని భరించవచ్చు.

బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచే రోజుల్లో మాత్రం పట్టపగ్గాలుండవు. ఆ డీఈసీ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో తెచ్చింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. "మన తెలుగోడి మందురా, బుగ్గన దాచకు, మింగు!" అంటూ సుబ్బారావు హార్వర్డ్ రోజుల దాకా వెళ్లేసరికి ఆశా కార్యకర్తకు ఓపిక అయిపోయింది.

"తిన్నాక ఏసుకోవాల్సిన మాత్రలండి మాస్టారూ. మీరు సెప్పడం అయీసరికి ఈళ్లకి మళ్లీ ఆకలేసేస్తంది!"

మొన్న ఎదురింటాయన, కొడుకు అమెరికా నుంచి తెచ్చిన టైలినాల్ సీసాను అపురూపంగా చూపించాడు. మాస్టారు దాన్ని తిప్పి చదివి, లెడ్జరు తెరిచి, క్రోసిన్ కింద ఇంకో డిట్టో పెట్టాడు. పైగా "ఇది అయిదొందలే, మన డోలో ఆరొందల యాభై" అన్నాడు.

ఎదురింటి అరుగు మీంచి ఆయనకు ఇంకా పలకరింపు లేదు.